బక్కయ్య మూడు దినాలు

గురువారం మధ్యాహ్నం సూరత్ పెద్దాసుపత్రి డాక్టరు బక్కయ్య కుడికాలికి చుట్టిన గుడ్డ విప్పి చూశాడు. ముక్కు మూసుకోలేదు, కేకలు వెయ్యలేదు. చేతిలో ఉన్న పెన్నుతో రెండు కాలివేళ్ళు చూపించి, "యే దో నికాల్నా పడేగా" అన్నాడు, ఈ రెండూ తీసెయ్యాలని. రేపు పొద్దున్నే వచ్చి చేరమన్నాడు. ఆలస్యం చేస్తే పైకి పాకుతుందన్నాడు. ఎంత పైకి అని పెళ్ళాం బాలవ్వ అడిగితే, ఆ పెన్ను పాదం మీదుగా మడమ దాకా, మడమ నుంచి పిక్క దాకా గాలిలో గీసి ఆపాడు. అంతకన్నా వివరంగా ఎవరు మాత్రం చెప్పగలరు?

బక్కయ్యకు మాత్రం ఎక్కలేదు. లింబాయత్‌కు తిరిగి వచ్చే షేర్ ఆటోలో కాలు బయటికి చాపుకొని, రోడ్డు వైపు చూస్తూ, "ఆదివారం దాంక చూద్దాం" అన్నాడు.

"ఆదివారం ఏమున్నది?"

"ప్రార్థన ఉన్నది. ఓపిక పట్టుమన్నడు అయ్యగారు. దేవుని టైము దేవునికి ఉంటది. మనం తొందరపడితే అయితదా?"

బాలవ్వ నోరు తెరిచి, ఆటోలో పక్కన కూచున్న వాళ్ళను చూసి మూసుకుంది. ఇంటికి పోయాక చెబుదాంలే అనుకుంది. ఇంటికి పోయాక చెప్పింది కూడా, గల్లీ అంతా వినేట్టు. బక్కయ్య చెవిన పెట్టలేదు. ఆయనది మొండితనమని గల్లీలో పేరు. అది మొండితనం కాదని ముప్పై నాలుగేళ్ళు కాపురం చేసిన బాలవ్వకు కూడా అప్పటికింకా తెలియదు.

ఆ కాలి పుండు ఎట్లా ముదిరిందో చెబితే నవ్వాలో ఏడవాలో తోచదు. ఆరేళ్ళుగా షుగర్ ఉన్న మనిషి. కొత్త చెప్పు పట్టీ ఒరిసి బొబ్బ లేచింది. పాదంలో స్పర్శ లేదు గనుక నొప్పి తెలియలేదు. తెలిసిన రోజున ఏం చేశాడయ్యా అంటే, సాంచెల కార్ఖానాలో, అంటే మరమగ్గాల దగ్గర, ఎవరికి ఏ దెబ్బ తగిలినా చేసేదే చేశాడు. సాంచెకు పోసే నూనె నాలుగు చుక్కలు పుండు మీద వేసి, కింద పడి ఉన్న చిందీ గుడ్డ పేలిక ఒకటి తీసి గట్టిగా కట్టాడు. కరీంనగర్ వైపు నుంచి వచ్చి ఇక్కడ సాంచెలు నడిపేవాళ్ళకు వేలు తెగినా ఇదే వైద్యం, మోచెయ్యి చీరుకున్నా ఇదే వైద్యం. బోలెడు గాయాలు దీనితోనే మానాయి కూడా, అదే వచ్చిన చిక్కు. పదకొండు రోజులు గుడ్డ మీద గుడ్డ మారుస్తూ, పది సాంచెల మధ్య పన్నెండేసి గంటలు తిరిగాడు మహానుభావుడు. చివరికి వాసన పసిగట్టింది బాలవ్వే.

ఆయన దేవుడితో బాలవ్వకు పేచీ లేదు. ఈ మాట ముందే చెప్పుకోవాలి, లేకపోతే ఆమెకు అన్యాయం జరుగుతుంది. నాలుగేళ్ళ కింద బక్కయ్య తాగి మోరీ పక్కన పడిపోతే భుజాన వేసుకుని ఇంటికి తెచ్చినవాడు సోమలింగం. వారమంతా సాంచెలకు నూలు చుట్టిన బీములు ఎక్కించే పని చేసి, ఆదివారం ఒక అద్దె గదిలో తెలుగువాళ్ళకు ప్రార్థన నడిపే మనిషి. అందరూ అయ్యగారు అంటారు. ఆ గదికి పోవడం మొదలుపెట్టాక బక్కయ్య మళ్ళీ మందు ముట్టలేదు. మొగుడి తాగుడు మాన్పించిన దేవుడు ఎవరైతేనేం, బాలవ్వ రెండు చేతులెత్తి దండం పెట్టింది. అయితే తను మాత్రం మార్కండేయుణ్ణి వదల్లేదు. పద్మశాలి ఇంట్లో పుట్టింది, పద్మశాలి ఇంట్లో మెట్టింది. శివలింగాన్ని కౌగిలించుకున్న పిల్లవాడి పటం గోడకు ఎప్పటిలాగే ఉంది. దాని కింది అరలో బక్కయ్య బైబిలు ఉంది. ఆ రెంటికీ ఏనాడూ తగువు రాలేదు.

ఆ బైబిలు చదివేది కూడా బాలవ్వే. బక్కయ్య రెండో తరగతిలో బడి మానేసి మగ్గం గుంటలో దిగినవాడు, అక్షరాలు ఎప్పుడో మరిచిపోయాడు. ఆమె ఏడు దాకా చదివింది. పొద్దున పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే, ఆయన గుడ్డముక్క గుర్తు పెట్టిన చోట తీసి పైకి చదువుతుంది. తర్వాత ఆయన సాంచెల దగ్గరికి, ఆమె కండెలు చుట్టే గదికి వెళ్ళిపోతారు. నాలుగేళ్ళలో ఆమె చదివినంత ఆ ప్రార్థన గదిలో సగం మంది చదివి ఉండరు. నమ్మకం లేదు గదా అని ఊరికే చదివేదీ కాదు. మనిషి దినాలు నేతగాడి నాడె కంటే జోరుగా పరుగెత్తుతాయని ఒకచోట వస్తే, బక్కయ్య మురిసిపోయి మూడుసార్లు చదివించుకున్నాడు.

"సూసినవా, మన పని గూడ రాసిండ్రు దీంట్ల!"

"రాసినోడు సాంచె కాడ నిలబడ్డోడు కాదు" అంది బాలవ్వ. "నాడె యాడికి పోతదయ్యా? ఈ కొసకు పోయి మల్ల ఆ కొసకు వస్తది. పోయినప్పుడల్లా ఒక పోగు వడ్తది. ఉత్తగ పోయేదానికి బట్ట ఎట్ల వస్తది?"

బక్కయ్య పడీపడీ నవ్వాడు. కాలు బాగున్న రోజులవి.

శుక్రవారం పొద్దున ఆమె సంచి సర్ది వాకిట్లో నిలబడింది. ఆయన మంచం దిగలేదు. ఊరవతల పల్సానా మిల్లులో పనిచేస్తూ అక్కడే ఉండే కొడుకు గోపాల్‌కు ఫోన్ చేస్తే, "నాన్న నా మాట ఎప్పుడు విన్నడే అవ్వా? నువ్వే ఏమన్న చెయ్యి. నేను ఆదివారం వస్త" అన్నాడు. అందరికీ ఆదివారమే దొరికింది. బాలవ్వ కట్టు విప్పి, నలుపు ఎక్కడిదాకా ఉందో అక్కడ పాదం మీద నీలం పెన్నుతో అడ్డంగా ఒక గీత గీసింది. బక్కయ్య అదేమిటని అడగలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

శనివారం పొద్దున చూస్తే నలుపు గీత దాటింది. మూడో వేలు కూడా రంగు మారింది. ఆయనేమో తాపీగా, "ఆ రాజు కథ సదువు" అన్నాడు. పోయిన ఆదివారం సోమలింగం చెప్పిన కథ అది. హిజ్కియా అనే రాజుకు చావు జబ్బు చేస్తుంది. ఇల్లు చక్కబెట్టుకో, నువ్వు బతకవని ప్రవక్త వచ్చి దేవుడి మాటగా చెప్పిపోతాడు. రాజు ఏడ్చి మొరపెట్టుకుంటాడు. దేవుడు మనసు మార్చుకొని పదిహేనేళ్ళు ఆయుష్షు పెంచుతాడు. అందుకు గుర్తుగా మెట్ల మీద ఎండనీడను పది మెట్లు వెనక్కి నడిపిస్తాడు.

"సూసినవా? పొద్దునే ఎనుకకు తిప్పిండు" అన్నాడు బక్కయ్య. "నా కాలు నలుపు తిప్పలేడా?"

బాలవ్వ చదువుతూ పోయింది. జబ్బు నయమయ్యాక రాజు రాసుకున్న పాట వచ్చింది. నేసేవాడు బట్టను చుట్టి మగ్గం మీంచి కోసేసినట్టు నా బతుకు కోసేశారనుకున్నానని అందులో ఏడుస్తాడు. పాట అయిపోయింది. అయ్యగారు ఆపింది అక్కడే గనక బక్కయ్య కళ్ళు మూసుకున్నాడు. ఆమె కళ్ళు మాత్రం కిందికి జారాయి. అధ్యాయం ఇంకా అయిపోలేదు. అడుగున రెండే రెండు వచనాలు మిగిలాయి. అంజూరపు పళ్ళ ముద్ద తెచ్చి రాజు పుండు మీద కట్టండి, బాగవుతాడు అని ప్రవక్త చెప్పినట్టు అక్కడ రాసి ఉంది.

బాలవ్వ ఇంకోసారి చదివింది. రాజుకున్న జబ్బు పుండు. దేవుడు పదిహేనేళ్ళు ఇస్తానని మాట ఇచ్చాక కూడా మందు కట్టించాడు.

"ఓ అయ్యా, లే! ఇది ఇను!" అని భుజం పట్టి కుదిపి వినిపించింది.

బక్కయ్య విన్నాడు. మొహం మాడ్చుకున్నాడు. "అయ్యగారు అది చెప్పలే. ముయ్యి పుస్తకం."

ముయ్యమంటే మూసింది. ఆ పూట పనికి పోలేదు. ఉతికిన చీరా, ఆయన లుంగీలు రెండు, ఆసుపత్రి కాగితాలు, ఆధార్ కార్డులు మళ్ళీ సంచిలో సర్దింది. అన్నిటి మీదా ఆ బైబిలు పెట్టింది. నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా అడుగు పెట్టని ప్రార్థన గదికి రేపు తనూ వస్తానంది. ఆయన ఎంతో సంతోషించాడు. పాపం, ఎందుకు వస్తుందో తెలియదు గదా.

ఆదివారం పదింటికి గది నిండిపోయింది. ఒక పక్క ఆడవాళ్ళు, ఒక పక్క మగవాళ్ళు, చాపల మీద ముప్పై మంది దాకా ఉన్నారు. బక్కయ్య కర్ర ఊతంతో వచ్చి గోడవార కూలబడి, చుట్టుకున్న కాలు తువాలు కింద దాచుకున్నాడు. బాలవ్వ తలుపు దగ్గర సంచి ఒళ్ళో పెట్టుకుని కూచుంది. పాటలయ్యాక సోమలింగం లేచాడు. మంచి గొంతు ఆయనది, మంచి మనసు కూడా. ప్రభువు దగ్గర వెయ్యేళ్ళు ఒక రోజులాంటివి, ఒక రోజు వెయ్యేళ్ళలాంటిది అని మొదలుపెట్టాడు. మన గడియారం చూసి ఆయన పని చెయ్యడు, ఆయన సమయం కోసం కనిపెట్టుకుని ఉండాలి అన్నాడు. బక్కయ్య తల ఊపాడు. బాలవ్వ లేచి నిలబడింది.

"అయ్యగారూ, జర ఒక మాట అడుగుత."

గదిలో గుసగుసలు లేచాయి. వాక్యం మధ్యలో లేచి మాట్లాడే అలవాటు అక్కడ లేదు. సోమలింగం మాత్రం చెయ్యెత్తి అందరినీ ఆపి, "అడుగక్కా" అన్నాడు.

"వెయ్యేండ్లు ఒక దినం అన్నరు. అది ఎవలకు? ఆయనకా, మనకా?"

"ఆయనకే అక్కా. ఆయన దృష్టిల."

"మరి ఆయన లెక్కను మా నెత్తిన ఎందుకు పెడ్తున్నరు?"

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. బాలవ్వ ఆగలేదు. ఆగే ఉద్దేశంతో వచ్చిన మనిషి కాదు.

"నేను సదివిన. నాలుగేండ్ల సంది ఈయనకు సదివి వినిపించేది నేనే. ఆ మాట ఉన్నకాడ దాని కిందనే ఏమున్నది? దేవుడు ఆలస్యం చేస్తలేడు, మన కోసం ఓపిక పడుతున్నడు అని ఉన్నది. ఓపిక పట్టేది దేవుడు. కుళ్ళే కాలు కాదు! వెయ్యేండ్లు నీకు నిన్నటి దినం లెక్క అని మోషే పాడిన పాటల ఇంకేమున్నది? మా దినాలు లెక్క పెట్టుకునుడు మాకు నేర్పు అని అడుగుతడు. ఆయన ఎట్లనన్న లెక్క పెట్టుకోనీ. మనల మాత్రం ఒక్కొక్క దినం లెక్క పెట్టుకోమన్నరు. నేను పెట్టుకున్న. శుక్రవారం ఒకటి, శనివారం రెండు, ఇయ్యాల మూడు."

సంచిలోంచి పుస్తకం తీసి, గుడ్డముక్క పెట్టిన చోట తెరిచింది. "పోయిన వారం రాజు కథ చెప్పిండ్రట. పాట కాడ ఆపిండ్రట. దాని కింద ఉన్నది చదవండ్రి."

సోమలింగం పుస్తకం అందుకున్నాడు. పెదవులు కదులుతుండగా లోపల చదువుకున్నాడు.

"పైకి చదవండ్రి" అంది బాలవ్వ.

ఆయన చదివాడు. అంజూరపు ముద్ద, పుండు, కట్టడం. చదివి, ఆ వాక్యం మీదే వేలు పెట్టి ఉంచాడు.

"మా కులపోళ్ళ కథ సుత ఇదే" అంది ఆమె. "మార్కండేయునికి ఆయుష్షు పదహారేండ్లే అన్నరు. ఆయన టైము వచ్చేదాంక సూద్దామని కూసోలే పిల్లగాడు. పోయి లింగాన్ని గట్టిగ పట్టుకున్నడు. యముడు పాశమేస్తే శివుడు కాలితో తన్నిండు. ఈ రాజు సుత మా అసొంటోడే, ఊకోలే. కాలంతోటి కొట్లాడినోళ్ళ వంశం మాది. ఊకె కూసొనుడు మాకు రాదు."

"ఆ పేర్లు ఇక్కడ ఎత్తొద్దమ్మా" అంది ముందు వరసలో కూచున్న ప్రమీల అనే ఆమె, నొచ్చుకుని.

"ఎత్తుత! నా మొగడు సచ్చేటట్టున్నడు, నాకు తెలిసిన పేర్లన్ని ఎత్తుత!"

చరచరా గోడవారకు నడిచి, బక్కయ్య కాలి మీది తువాలు లాగేసింది. కట్టు విప్పింది. వాసనకు దగ్గరున్నవాళ్ళు వెనక్కి జరిగారు. పాదం మీద నీలం గీత ఉంది. నలుపు దాన్ని దాటి నాలుగు వేళ్ళ వెడల్పు పైకి వచ్చింది.

"ఇది శుక్రవారం గీసిన. డాక్టరు రెండు వేళ్ళు తీస్తనన్నడు గురువారం నాడు. మీరేమో ఓపిక పట్టుమన్నరు."

సోమలింగం వంగి ఆ కాలు చూశాడు. "డాక్టరా? బక్కయ్యన్నా, నాకు కాలు నొప్పి అనే కద చెప్పినవ్? ప్రార్థన చేద్దాం, ఓపిక పట్టు అన్న. దవాఖానకు పోవద్దని నేనెప్పుడన్న?"

ముప్పై జతల కళ్ళు బక్కయ్య మీదికి తిరిగాయి. బాలవ్వ కళ్ళు కూడా. మూడు రోజులుగా ఆమె ఆ దేవుడి మీద, ఈ అయ్యగారి మీద పళ్ళు నూరుతూ వచ్చింది. ఇప్పుడు చూస్తే నేరం ఇంట్లోనే ఉంది.

"అయితే ఆయన మాటను నువ్వే మలుపుకున్నవా?" అంది.

బక్కయ్య తల వంచుకున్నాడు. కర్రను రెండు చేతులతో పట్టుకున్నాడు.

"పాదం లేనోన్ని ఏ సేఠ్ నిలబెట్టుకుంటడే? పన్నెండు గంటలు నిలబడాలె. పది సాంచెల నడుమ ఉరకాలె. కాలు కోసిన తెల్లారే ఇంకోన్ని పెట్టుకుంటరు. ముప్పై రెండేండ్లు నిలబడ్డ నేను. నిలబడలేనోడు సూరత్‌ల ఎందుకు? నాకు భయమయ్యింది. దేవుడు అంటే ఎవలు అడుగరు. భయమంటే నవ్వుతరు."

దేవుడి పేరు తీసుకుని దాని వెనక దాక్కున్నాడు, మిగతావాళ్ళందరూ అది భక్తి అనుకున్నారు. బాలవ్వకు కోపం రావాలి. వచ్చింది కూడా. కాని దానికంటే ముందు జాలి వచ్చింది, ఏడుపు వచ్చింది. అన్నీ మింగి ఆయన ముందు గొంతుక్కూచుంది.

"నిలబడలేకుంటే కూసో. నా పక్కన కూసొని కండెలు చుట్టు. ఏం, ఆడోళ్ళ పని చేస్తే మీసం ఊసిపోతదా? నేను ఇరవై ఏండ్లు చుట్టిన, నా చేతులేం పోయినయి? సేఠ్ ఇయ్యకుంటే ఇంకో సేఠ్‌ను అడుగుత. ఆనాడు ఆనాటి కొట్లాట. ఇయ్యాలటిది ఇయ్యాల. లే!"

బక్కయ్య లేవడానికి చెయ్యి చాపాడు. ఆమె ఒక పక్క పట్టుకుంటే, రెండో పక్క సోమలింగం పట్టుకున్నాడు. ప్రార్థన ముగించకుండానే, అందరూ చూస్తుండగానే, ముగ్గురూ గల్లీ మొదట్లో ఆటో ఎక్కారు. అడ్డంగా ఉన్న బండ్లను తప్పించమని దారంతా డ్రైవరు మీద అరుస్తూనే ఉంది బాలవ్వ.

సోమవారం పొద్దున ఆపరేషన్ అయింది. రెండు వేళ్ళతో పోయేది సగం పాదంతో పోయింది. గురువారం నాటి డాక్టరే చేశాడు. మూడు రోజులు ఏం చేశారని ఒక్కసారి అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు. ఆ ప్రశ్న మాత్రం బాలవ్వకు వార్డులోనే మిగిలిపోయింది. మందు మత్తులో పడి ఉన్న మొగుడి పక్కన కూచుని, ఆ మూడు రోజుల్ని ఎవరి మీద వెయ్యాలా అని ఆలోచించింది. బలవంతంగా ఎత్తుకుపోని తన మీదా? ఆదివారం వస్తానన్న కొడుకు మీదా? ఎవరి మీద వేసినా తెగిన పాదం అతికేది కాదు.

బుధవారం సాయంత్రం సోమలింగం పళ్ళు పట్టుకుని వచ్చాడు. వచ్చి మంచం పక్కన నిలబడి, ఏమనాలో తెలియక, ఇన్నేళ్ళుగా నోటికి అలవాటైపోయిన మాటే అనేశాడు.

"పానమైతే దక్కింది, అంతే చాలు. ఏదైన ఆయన సమయంలనే అయితది అన్నా."

బాలవ్వ తోక తొక్కిన తాచులా లేచింది. ఇన్నాళ్ళూ కడుపులో దాచుకున్నదంతా నాలుక చివరికి వచ్చింది. కాని ఆమె నోరు తెరిచేలోపు మంచం మీంచి బక్కయ్య చెయ్యి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది. ఆయన మోచేతుల మీద లేచి, దిండుకు ఒరిగి కూచున్నాడు. గొంతు బొంగురుగా ఉంది, మాట మాత్రం తొణకలేదు.

"లేదు అయ్యగారూ. ఆయన సమయం గురువారమే అయ్యింది. డాక్టరు నోట చెప్పించిండు. శుక్రవారం, శనివారం, ఆదివారం, ఈ మూడు దినాలు నాయి. నా భయానియి. ఆయన లెక్కల వెయ్యకుండ్రి."

సోమలింగం పళ్ళ సంచి కింద పెట్టి తల వంచుకున్నాడు.

బక్కయ్య కట్టు కట్టిన కాలి వైపు చూశాడు. తర్వాత పెళ్ళాం వైపు చూశాడు.

"మిగిలినయి ఎన్నో తెల్వది" అన్నాడు. "గవ్వి సుత నాయే. ఇగ ఒక్కటి గూడ పోనియ్య."